నాలుగో చెంచా

"రెండువేల పదకొండు డిసెంబరు ముప్పై, శుక్రవారం పొద్దున. కోకో వేసి వండిన అన్నం. అమ్మకు నేనే తినిపించాను. నాలుగో చెంచాకు చాలన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. మర్నాడు పోయింది."

ఇసాకో ఈ మాట చెప్పడం ఎన్నోసారో. కూతురు మసీనా మాత్రం తండ్రి కళ్ళలోకి చూడకుండా వినడం ఇదే మొదటిసారి. పెర్త్‌లోని వాళ్ళ వంటింటి బల్ల మీద పాత గ్లోబు, దారం, స్కేలు పెట్టుకుని కూర్చుంది.

నిన్న సమోవా నుంచి మాకెరీతా అత్త ఫోన్లో అన్న మాటకు ఆమెకు నిద్ర పట్టలేదు. "మీ నాన్న వచ్చేసరికి శవపేటిక మూసేశాం. కన్నతల్లిని కడసారి చూడనివాడికి ఇంటి పెద్దరికమా?" వచ్చే నెలలోనే కుటుంబమంతా కలిసి ఇసాకోకు ఆ పెద్దరికం కట్టబెట్టాలి.

"ఇప్పుడీ లెక్కలేమిటే?"

"ఇరవై తొమ్మిది తెల్లవారుజామున బయల్దేరానన్నావుగా. అందుకోగలవో లేదో చూద్దాం."

"టికెట్లమ్మే ఉద్యోగం వచ్చిందని నాన్ననే తనిఖీ చేస్తున్నావా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పెర్త్ మీద దారం కొస పెట్టి, సమోవాలోని అపియా విమానాశ్రయం దాకా లాగింది మసీనా. "ఈ గ్లోబు తాతల నాటిది. తారీఖు మారే గీత ఇంకా సమోవాకు ఇవతలే ఉంది."

"తర్వాత అవతలికి జరిపార్లే. గీత జరిగితే దూరం మారుతుందా?" గ్లోబును అటు తిప్పేశాడు ఇసాకో.

దారాన్ని స్కేలు మీద పరిచి హెచ్చవేసింది. ఏడున్నర వేల కిలోమీటర్లు. నేరుగా అయితే పది గంటలు. రెండుచోట్ల విమానం మారి, పడిగాపులు కలుపుకున్నా ఒక్క రోజు.

"ముప్పై పొద్దుటికల్లా చేరతావు!" ఆమె మొహం కందిపోయింది. "తప్పయింది నాన్నా. నిన్ను అనుమానించాను."

ఇసాకో తల దించుకున్నాడు. "వదిలెయ్. అత్తకేం చెప్పకు."

ఎందుకు చెప్పదు? అప్పుడే ఫోన్ కలిపి, ఇద్దరికీ వినబడేలా బల్ల మీద పెట్టింది. "అత్తా, దూరం కొలిచాను. నాన్న డిసెంబరు ముప్పై పొద్దున్నే వచ్చాడు. బామ్మకు నాలుగు చెంచాల అన్నం పెట్టాడు. లెక్క సరిపోయింది."

ఇసాకో బల్ల అంచు పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు.

"ముప్పై, శుక్రవారం అన్నాడా?" అత్త అడిగింది.

"అవును. ఎప్పుడూ అదే చెప్తాడు."

"అయితే... నేనే మరిచిపోయాను తల్లీ. వచ్చాడు. నాలుగు చెంచాలూ తింది అమ్మ. పెద్దరికం వాడిదే. వాణ్ణి భోంచేసి పడుకోమను."

ఇసాకో రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇన్నేళ్ళ నింద తొలగినందుకే అనుకుంది మసీనా. ఇలాంటి మనిషినా శంకించానని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ రాత్రి అతనికి దుప్పటి కప్పి, లైటు ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.

గీత జరిపిన ఆ రెండువేల పదకొండులో, సమోవాలో ఇరవై తొమ్మిది మర్నాడే ముప్పై ఒకటి; డిసెంబరు ముప్పై రానేలేదు.