బిరుంగి చెప్పిన వార్తలు

ఓట్ల లెక్కింపు రోజు మధ్యాహ్నం ప్రభుత్వం నెట్ ఆపేసింది. ఊళ్ళో ఫోన్లన్నీ మూగపోయాయి. అప్పటినుంచి ఆ వాడంతటికీ బిరుంగి ఫోనే దిక్కు. నెట్ ఆపినా దొడ్డిదారిన నడిపించే వీపీఎన్ ఆమె దగ్గర ఉందని అందరికీ తెలుసు. ఎన్నికల వాట్సాప్ గ్రూపు నడిపిందీ ఆమే.

మర్నాడు పొద్దున్నే ఆమె జడలల్లే కొట్టు ముందు జనం చేరారు.

"రేడియోలో పాటలు తప్ప ఏం రావట్లేదు," అన్నాడు ముసలి కివనుక. "నీ ఫోనైనా నోరు విప్పుతుందా, అదీ పాటలే పాడుతుందా?"

"ఇంకా లెక్కపెడుతున్నారు తాతా. మనవాళ్ళే ముందున్నారట."

వెనక నకిమెరా నిలబడి ఉంది. భుజాన సంచీ. 'మన ఓటుకు మనమే కాపలా కాయాలి, రండి' అని బిరుంగి పెట్టిన మెసేజ్ చూసి ఆమె కొడుకు లుటాయా లెక్కింపు కేంద్రానికి వెళ్ళాడు. అక్కడ కాల్పులు జరిగాయన్నారు. వాడు తిరిగి రాలేదు.

"మావాడి సంగతేమైనా తెలిసిందా బిరుంగీ?"

బిరుంగి తెర తనవైపు తిప్పుకుని వేలితో పైకి జరిపింది.

"పట్టుకెళ్ళినవాళ్ళ పేర్లు పెట్టారు, లుటాయా అమ్మా. మీవాడి పేరుంది. బాగానే ఉన్నాడు."

నకిమెరా జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "ఏదీ, చూపించు."

"అంతా ఇంగ్లీషు. చూసి ఏం చేస్తారు? చార్జింగ్ కూడా అయిపోవచ్చింది."

"తిండి పెడుతున్నారా?"

"పోషో ముద్ద, అదే మొక్కజొన్న పిండిది, చిక్కుడు గింజలూనట."

"చిక్కుళ్ళు వాడికి పడవే."

పక్కవాళ్ళు నవ్వారు. "జైల్లో కూడా వంకలేనా?" అన్నాడు కివనుక. నకిమెరా కూడా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది.

"ఆసుపత్రులన్నీ వెతుకుదామని బయల్దేరాను. శవాల గది కూడా."

"అక్కడ మీకేం పని? దారంతా సైనికులే. ఇంటికెళ్ళండి. విడిచిపెడితే నేనే వచ్చి చెబుతా."

నకిమెరా సంచీలోంచి అరటాకు పొట్లం తీసింది. దారిలో తినడానికి కట్టుకున్న మతోకే, ఉడికించిన అరటికాయ ముద్ద. బిరుంగి ఒళ్ళో పెట్టింది.

"నువ్వే లేకపోతే మాకేం తెలిసేది తల్లీ. ఈసారి కాపలాకి రమ్మని మెసేజ్ పెట్టు, నేనూ వెళ్తా."

అందరూ వెళ్ళాక బిరుంగి కొట్టు తలుపు వేసుకుంది.

నెట్ ఆగిన క్షణం నుంచి ఆమె ఫోనుకీ ఏమీ రాలేదు. ఆఖరున వచ్చింది, లెక్కింపు కేంద్రం గేటు ముందు పడివున్న లుటాయా ముఖం మీద ఎవరో చొక్కా కప్పుతున్న ఫొటో.