చుక్క ఒలకని బండి

“చుక్క టీ ఒలికినా సరే, మీ కాగితాలన్నీ మళ్లీ పెట్టెలోకే,” అన్నాడు నగరసభ అధ్యక్షుడు.

“ఒలకదండీ,” అన్నాడు డ్రాఫ్ట్స్‌మన్. నిన్నటికి పదకొండు సార్లు ఒలికింది, అన్నీ మలుపులోనే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప నరమానవుడికి తెలియదు.

నేలను తాకకుండా, వీధుల పైన ఒకే పట్టాకు వేలాడుతూ పరుగెత్తే బండి. ఆరేళ్లుగా ఆయన గీస్తున్నది అదే. దాని నమూనా వంటింట్లో బయల్దేరి, తల్లి ఉండే మధ్యగదిలో మలుపు తిరిగి, గోడకు కొట్టిన కంతలోంచి ముందుగదిలోకి వస్తుంది. ఆ కంత కొట్టిన నాటి నుంచి అత్తాకోడళ్లకు మాటల్లేవు. నీ మొగుడే కొట్టాడని ఆవిడ, మీ అబ్బాయే కొట్టాడని ఈవిడ. పైగా పొద్దున్నే ఆవిడ తన కుర్చీని సరిగ్గా మలుపు కిందికే లాగించుకుంది. పట్టా నెత్తికి జానెడు ఎత్తులో ఉంది. “నా గది, నా కుర్చీ, నా ఇష్టం!” అని, ఎండ మాడ్చేస్తున్నా ఉన్ని శాలువా కప్పుకుని బిగుసుకు కూర్చుంది.

ఇవాళ నెగ్గితే ఊరి చివర నూరు గజాల పట్టాకు అనుమతి. లేదంటే బావమరిది తలుపుల దుకాణంలో రంపం పట్టుకోవాలి.

అధ్యక్షుడి వెంట వచ్చిన ఇంజనీరు అనుమానప్పక్షి. వంటింట్లో నిలబడి, ఇల్లాలు రెండు కప్పుల్లో అంచుదాకా టీ పోయడం, బండిలో పెట్టి స్ప్రింగు వదలడం కళ్లారా చూశాడు.

“మా అత్తగారు చిరాకు మనిషండీ. ఇటు సందులోంచి వెళ్లండి,” అంది ఆవిడ.

ఆయన చుట్టూ తిరిగి ముందుగదిలోకి వచ్చేసరికి మధ్యగదిలో గరగర. అంతలోనే నిశ్శబ్దం.

“ఆగిపోయినట్టుందే?” అన్నాడు ఇంజనీరు.

డ్రాఫ్ట్స్‌మన్ నవ్వు తెచ్చుకున్నాడు. “మలుపులో కాస్త ఆలోచించుకుంటుందండీ.”

“బండా, మీరా?”

లోపల్నించి తల్లి కేకేసింది. “ఒరే, నా నెత్తిమీద ఏమిట్రా ఈ ఊరేగింపు!”

“ఒక్క నిమిషం ఓర్చుకోమ్మా!”

బండి కంతలోంచి తల బయటపెట్టింది. కప్పులు నిండుగానే ఉన్నాయి. ఇంజనీరు సాసర్ల మీద వేలు రాసి చూశాడు. పొడి. అధ్యక్షుడు గబుక్కున గుటకేసి నాలుక కాల్చుకున్నాడు.

“ఇప్పుడే పొయ్యి మీంచి దింపినట్టుందయ్యా! భేష్!” అని సంతకం పెట్టేశాడు. “ముందు మాత్రం ఇసుక బస్తాల్నే ఎక్కించండి.”

వాళ్లటు వెళ్లగానే డ్రాఫ్ట్స్‌మన్ మధ్యగదిలోకి పరుగెత్తాడు. తను గెలుస్తానని అందరికంటే తక్కువ నమ్మింది తనే మరి.

“అమ్మా, మలుపు కుదిరింది!”

“కుదిరితే కుదిరిందిలే. నా నెత్తిమీంచి దాన్ని తీసెయ్,” అని మూతి తిప్పుకుంది తల్లి. కోడలు గుమ్మంలో ఎప్పట్లాగే ఎటో చూస్తూ నిలబడింది. ఈ ఇద్దరికీ సంధి కుదర్చడం కంటే బండి నడపడమే సులువనుకుంటూ, ఆయన పక్కింటివాళ్లకు చెప్పడానికి పరుగు తీశాడు.

అత్తగారు శాలువా కిందనుంచి టీ కెటిల్ తీసి కోడలికి అందించింది.