నలుగురు తోసే జీపు

మెకానిక్ దస్తగిరి షెడ్డులో మూడు బళ్లు పక్కపక్కనే ఉన్నాయి.

"రెప్పపాటులో వంద దాటతా" అంది జర్మనీ కారు.

"ఇరవై ఏళ్లలో నేనెప్పుడూ మొరాయించలేదు" అంది జపాన్ కారు.

"మరి షెడ్డుకెందుకొచ్చినట్టు?" అంది మన ఊరి పాత జీపు. తనను తుక్కుకి అమ్మేస్తారని తెలిసినప్పట్నుంచీ దానికి ఎవరన్నా లెక్కలేదు.

"నలుగురు తోస్తేగాని కదలవు, నీకూ మాటలా?" అని జర్మనీ కారు మూతి తిప్పింది.

అంతలో కాన్పు నొప్పులతో ఉన్న మాణిక్యమ్మను మోసుకుంటూ నలుగురు వచ్చారు. దస్తగిరి కార్ల వంక చూసి తల అడ్డంగా ఊపాడు. వాటి పార్టులు ఓడ మీద రావాలి, వచ్చేదాకా కదలవు. ఆమెను జీపెక్కించి నలుగురూ తోశారు. జీపు దగ్గింది, పొగ కక్కింది, స్టార్టయింది.

గేటు దాటుతూ అంది: "అవును, నన్ను తోయాల్సిందే. తోయడానికి నాకు నలుగురున్నారు. మీరు ఓడ కోసం చూస్తూ ఉండండి."