పిల్లిపెసర మొలవని ఏడు

“ఎవరయ్యా అది? చేలోకి మందని తోలతావేంది?” గట్టు మీంచి బాపయ్య అరిచాడు.

మంద వెనకున్న ముసలాయన ఒక్క ఈల వేశాడు. గొర్రెలన్నీ ఆగిపోయాయి.

“పొదిలి వైపు నుంచి బాబూ, యలమందని. ఏటా వేసవిలో రెండు రాత్రులు ఈ చేలో మంద కడతా. పెద్దాయన కట్టించుకునేవారు.”

“నాన్న కార్తీకంలో పోయాడు. నేను కోళ్ల ఎరువు లారీ తోలించా. నీ మందతో నాకేం పని?”

“ఎరువుకి కాదు బాబూ...” అని ఆగాడు యలమంద. “ఊరికే పడుకుంటాయి. ఒక్క రాత్రి.”

“చెబితే తెలీదా? తోలుకుపో!”

పక్క చేను హయాత్ చెయ్యి ఊపాడు. “ఇటు తోలవయ్యా!”

యలమంద వెనక్కి చూసుకుంటూనే గట్టు దాటాడు.

మృగశిరలో వాన పడింది. బాపయ్య కాలు ఇంట్లో నిలవలేదు.

ఏటా తొలకరికి ఎవరూ చల్లకుండానే ఆ చేలో నేలకి బలమిచ్చే పచ్చిరొట్ట, పిల్లిపెసర లేచేది. పసుప్పచ్చగా పూతకి రాగానే కలియదున్ని మిరప వేసేవారు. నిరుడు ఊరంతా మిరప ఎండు తెగులుకి పోతే ఆ రెండెకరాలే నిలిచాయి. నా నేల జాతే వేరని బాపయ్య టీకొట్టు దగ్గర అనని రోజు లేదు.

పొద్దున వెళ్లాడు. మధ్యాహ్నం వెళ్లాడు. అన్నం మధ్యలో లేచి మళ్లీ వెళ్లాడు.

“చేనేమన్నా పురిటికొచ్చిందా, గంటకోసారి చూసి రావడానికి?” అంది భార్య శాంతి. “కొట్లో విత్తనం తెచ్చి చల్లరాదూ?”

“మన నేలకి విత్తనం కొనేదేంది? అదే వస్తది.”

రాలేదు. తుంగ గడ్డి మొలిచింది.

నలభై రోజులు దాటాయి. మిరపనారు తీసుకెళ్లమని నర్సరీ నుంచి రెండుసార్లు ఫోనొచ్చింది. పిల్లిపెసర దున్నని ఉత్త నేలలో నాటితే ఏమవుతుందో నిరుడు ఊరంతా చూసిందే.

ఇన్నాళ్లూ తన చేను తప్ప పక్కకి చూడనివాడు ఆ రోజు గట్టెక్కి చూస్తే హయాత్ చేలో పసుప్పచ్చటి పూలు.

“ఒరేయ్ హయాతూ! పిల్లిపెసర ఎక్కడ కొన్నావురా?”

“కొనటమేంది? మంద పడుకున్నంత మేరా లేచింది. చూడు, పడుకోని మూల ఉత్తదే.”

బాపయ్య అటు చూశాడు, ఇటు చూశాడు.

“ఆ ముసలాయన నంబరుందా?”

హయాత్ ఫోను కలిపి ఇచ్చాడు. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

“యలమంద ఉన్నాడా అమ్మా? మందని రేపే తోలుకు రమ్మను. ఎన్ని రాత్రులైనా సరే.”

“మా మావయ్య పోయి పన్నెండు రోజులండీ. మందని అమ్మేశాం. తమరెవరు?”

“బాపయ్యని. మొన్న వేసవిలో... మా చేలోకి వచ్చాడు.”



“ఆ చేనాండీ? అక్కడికొచ్చే ముందు మూడు రోజులు మందని ఇంకో మేతకి పోనిచ్చేవాడు కాదు. కాలవ గట్టున ఎండిన పిల్లిపెసర కాయలే మేపేవాడు. ఎందుకని అడిగితే, పెంటికల్లో గింజ పడి మొలవాలి, పెద్దాయన చేను విత్తి రావాలి అనేవాడండీ.”