సత్యమ్మ చెప్పిన వంకలు

పట్టంచు చీరను ముక్కుకు ఆనించుకుని చూస్తున్న ఆ కొత్త మనిషిని చూడగానే సత్యమ్మకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా, చీరను వాసన చూస్తుండేంది?" అని మగని చెవిలో గొణిగింది.

"ఊకో. సముద్రం దిక్కు నుంచి వచ్చిండు. రామచంద్రయ్య సావుకారి ఊరే," అన్నాడు శ్రీరాములు.

ఆ పేరు వింటే చాలు, ఈమధ్య సత్యమ్మకు ముద్ద దిగడం లేదు.

యుద్ధం మొదలైనప్పటి నుంచి గద్వాలలో నూలు దొరకడం గగనమైంది. మగ్గం ఆడే రోజులకంటే ఆగే రోజులే ఎక్కువ. చీరాల అవతల, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఆ సావుకారికి నూలుకు కొదవ లేదట. పట్టంచు నేసే గద్వాల మనిషి వస్తే ఇల్లూ మగ్గమూ ఇస్తానని కబురు పెట్టాడు. శ్రీరాములు పోదామంటాడు. సత్యమ్మ ససేమిరా అంటుంది.

వచ్చినవాడు సావుకారి గుమస్తా అయి ఉంటాడని ఇద్దరూ అనుకున్నారు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?" అన్నాడతను, అరుగు మీద కూలబడుతూ.

"కడవ ఖాళీ అయ్యా. బాయి శానా దూరం," అంది సత్యమ్మ.

కడవ నిండుగానే ఉంది. కానీ నీళ్ళిస్తే కూర్చుంటాడు, కూర్చుంటే మాటలతో మగణ్ణి మెత్తబరుస్తాడు. శ్రీరాములు సిగ్గుపడి తల దించుకున్నాడు.

అతను నొచ్చుకోలేదు.

"మా ఊరు రావడానికి మీకేమన్నా ఇబ్బందా తల్లీ? దాచుకోకుండా చెప్పండి."

అడిగిందే చాలు. సత్యమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"మీ దిక్కు నీళ్ళు ఉప్పంట గద. గవి తాగి ఎట్ల బతుకుతం?"

"మీకిచ్చే ఇంటి బావి ఉప్పేనమ్మా. పొరుగింటి బావి మాత్రం తీపి."

"నేల చెమ్మంట. మగ్గం గుంటల నీళ్ళూరుతయంట. కాళ్ళు నానబెట్టుకొని నేస్తడా ఈయన?"

"వానాకాలంలో ఊరుతాయి. నిజమే."

"జొన్నరొట్టె లేకుంటే మాకు దినం గడవదు. మీరంతా వరిబువ్వ తినేటోళ్ళు. జొన్నలు యాడ దొరుకుతయి?"

అతను తల ఊపుతున్నాడే తప్ప దేనికీ అడ్డం చెప్పడం లేదు. దాంతో సత్యమ్మకు ఊపొచ్చింది.

"ఇగ ఆ సముద్రం! రాత్రంతా ఒక్కటే హోరంట. దాన్ని బంద్ చేయిస్తడా మీ సావుకారు?"

అతను మొదటిసారి నవ్వాడు.

"అదొక్కటీ ఎవరి వల్లా కాదు తల్లీ."

లేచి, చీర అంచు మీద మరోసారి మెల్లగా వేళ్ళు పోనిచ్చాడు.

"ఎంత బాగా కలిపావయ్యా పట్టునీ నూలునీ! నీలాంటివాడి మగ్గం ఆగకూడదు."

దండం పెట్టి, మెట్టును కాలితో తడుముకుంటూ దిగి వెళ్ళిపోయాడు.

"పోయి చెప్తడు. ఇగ మన జోలికి రారు," అని సత్యమ్మ కడవలో చెంబు ముంచుకుని హాయిగా తాగింది.

ఎండలు ముదరకముందే నూలు వర్తకుడు వెంకటన్న కబురు తెచ్చాడు.

"మీ ఇంటామె చెప్పిన వంకలన్నీ సరిచేసినరంట. ఇగ పరేషాన్ లేదు, రమ్మంటున్రు."

సత్యమ్మకు కొత్త వంక వెతుకుదామన్నా దొరకలేదు. మూటాముల్లె కట్టుకుని రైలెక్కి, డోన్‌లో బండి మారేదాకా ఏడుస్తూనే ఉంది.

కొత్త ఇంటి తలుపు తీశాక ఆ ఏడుపు దానంతటదే ఆగింది.

మగ్గం గుంట చుట్టూ కొత్తగా గట్టు పోసి ఉంది. అడుగున గులకరాళ్ళు, వాటి మీద ఇసుక. మూలన తిరగలి, దాని పక్కన జొన్నల మూట. పెరటి దడిలో మనిషి పట్టేంత దారి తీశారు, అవతల పొరుగింటి బావి కనిపిస్తోంది. గుమ్మం పక్కన పీట మీద నిండు కడవ. సముద్రం మాత్రం తన పాటికి తాను హోరుమంటోంది.

శ్రీరాములు గుంటలోకి దిగి పాదాలు ఆనించి చూసుకున్నాడు. పొడిగా ఉంది. అతని మొహం విప్పారింది.

పలకరించడానికి వచ్చిన పొరుగింటి మణెమ్మతో సత్యమ్మ, కడవలో చెంబు ముంచుతూ అంది.

"సావుకారు దొడ్డ మనిషి. నేనే తప్పుగ అనుకున్న."

"సావుకారా? ఆయన ఈ సందు మొహం ఎప్పుడు చూశాడమ్మా! ఇవన్నీ మొన్నటిదాకా ఈ ఇంట్లో ఉన్న ఆయన చేసి పెట్టాడు. మీ ఊరొచ్చాడుగా, ఏదైనా ముక్కు దగ్గర పెట్టుకుంటే గానీ కనపడదు పాపం."

"ఆయన గుమస్తా గద?"

"ఎవరు చెప్పారు? పెళ్ళయిన నాటి నుంచీ ఈ గుంటలో కూర్చుని నేసినవాడు. చూపు ఆనకపోవడంతో మగ్గం దిగాడు. నిన్న పొద్దున నా బావిలో తోడి ఆ కడవ నింపి, కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు."

"యాడికి?"

"అడిగితే నవ్వాడమ్మా. పెళ్ళాం పోయాక ముందూ వెనకా ఎవరూ లేరు."

చెంబు సత్యమ్మ పెదవుల దాకా వచ్చి ఆగింది.

"మరి ఇంత మంచిగ చేసుకున్న ఇల్లు ఎందుకిడిసిండు?"

మణెమ్మ పీట మీది కడవకేసి చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

"నేసేవాళ్ళు దొరికేదాకా ఉండమన్నాడమ్మా సావుకారు. మీరొస్తారో రారో కనుక్కురమ్మని ఆయన్నే పంపాడు. గద్వాల వాళ్ళు రాలేమన్నారని ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయన ఈ ఇంట్లోనే ఉండేవాడు."