మోరిస్ కారు టైర్లు

మధ్యాహ్నానికల్లా తిరుపతి ట్రాలీ ఆటోలో ముప్ఫై ఎనిమిది టైర్లు చేరాయి.

మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక్క పంక్చర్ షాపు వదల్లేదతను. "రేపటి రాస్తారోకో పని మీద వచ్చిన. పాత టైర్లుంటే ఇయ్యుండ్రి" అంటే చాలు, జనం తామే మోసుకొచ్చి ఎక్కించారు. ఒకాయనైతే ఆవేశంలో తాను రోజూ నడిపే స్కూటర్ టైరే విప్పబోయాడు. తిరుపతే ఆపాడు.

సకల జనుల సమ్మె మొదలై పన్నెండు రోజులు. తిరుపతి ఇంటి మొహం చూసి అయిదు రోజులు. ఉద్యమం రాజుకున్న నాటి నుంచి అతను ఒక్క బంద్ తప్పలేదు, ఒక్క ర్యాలీ తప్పలేదు. తిండి రోడ్డు మీదే, కునుకూ రోడ్డు మీదే. "తెలంగాణ వస్తెనన్న ఇంటికొస్తవా?" అని భార్య యాదలక్ష్మి ఫోన్లో అడుగుతోంది.

ఇక మిగిలింది దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో కొమరయ్య ఇల్లు. "తాత కాడ మోరిస్ కారు టైర్లున్నయి. పాతకాలపు రబ్బరు. అంటుకుంటే పొద్దుమూకేదాంక ఆరది" అని పంక్చర్ షాపాయన చెప్పినప్పటి నుంచి తిరుపతికి కాలు నిలవడం లేదు. అవి చేతికి రాకపోతే మిగతా ముప్ఫై ఎనిమిదీ దండగే.

కొమరయ్య భార్య రెబెక్క గడపలో కూర్చుని గోంగూర తుంచుతోంది.

"ఏం గావాలె?"

"టైర్లు, అవ్వా. రేపటి రాస్తారోకోకు."

రెబెక్క రెండు చేతులూ పైకెత్తింది. "ప్రభువా! పదేండ్ల ప్రార్థన ఇయ్యాల విన్నవా!"

సైదాబాద్ డాక్టర్ భానుమూర్తి గారి మోరిస్ కారును కొమరయ్య ముప్ఫయ్యేళ్ళు నడిపాడు. డాక్టరు పోయాక కారు కొన్నవాళ్ళు కొత్త టైర్లు వేయించుకుని పోయారు. పాతవి అయిదూ, స్టెప్నీతో సహా, డాక్టరమ్మ కొమరయ్యకు గుర్తుగా ఇచ్చింది. చేతివాచీ ఇస్తుందని రెబెక్క అనుకుంది.

ఆ టైర్లతో ఏం చేయాలో ఇద్దరికీ తోచలేదు. ఒకదాంట్లో పుదీనా వేస్తే రబ్బరు వేడికి మాడిపోయింది. ఒకదాన్ని ఉయ్యాల కడితే కొమ్మ విరిగింది. ఇంకొకదాని మీద దిండు పరిచి సోఫా అన్నారు. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు దాంట్లో కూర్చుని, కూరుకుపోయి, ఇద్దరు లాగితే గానీ బయటికి రాలేదు. పాత ఇనప సామాన్ల వాడు ఊరికే ఇస్తానన్నా వద్దన్నాడు.

కొమరయ్య మాత్రం లోపల్నుంచి కర్ర పట్టుకుని వచ్చాడు.

"కాలవెడ్తరా? డాక్టర్ సాబును ఒకపారి కాలవెట్టిన్రు. చాలదా?"

ముసలాయన తిరుపతిని ఎగాదిగా చూశాడు.

"ఏ ఊరు బిడ్డా?"

"చిట్యాల దిక్కు, తాతా. నా పేరు తిరుపతి."

"తెలంగాణ వస్తదంటవా?"

"రావాలె తాతా. మా తమ్ముడు డిగ్రీ చదివి గీ ఆటో నడుపుతుండు. రాకుంటె ఎట్ల?" ఆ మాట తిరుపతి మనసులోంచే అన్నాడు.

కొమరయ్య చూపు అతని నుదుటి మీది కుట్ల దగ్గర ఆగింది. "గదేంది?"

"పోయిన నెల ర్యాలీల రాయి తగిలింది."

"రక్తం కార్చినవా బిడ్డా!"

తిరుపతి తల దించుకున్నాడు. కొమరయ్య కర్ర పక్కన పెట్టి, ఒక టైరు మీద కూలబడి, చేత్తో దాన్ని నిమిరాడు.

"మా బిడ్డ జాస్మిన్ పుట్టిన్నాడు నా చేతులు వణుకుతున్నయని, నన్ను ఎన్క సీట్ల కూసోవెట్టి డాక్టర్ సాబే నడిపిండు. గీ టైర్ల మీదనే దవాఖానకు పోయినం." లేచి నిలబడ్డాడు. "ఊకెనే ఉంటె ఎలుకలు పిల్లల పెడ్తున్నయి. తెలంగాణకు పనికొస్తె అంతకన్న ఏం గావాలె? తీస్కపో."

అయిదింటినీ తడిగుడ్డతో తుడిచి తానే ఎక్కించాడు. రెబెక్క కిరోసిన్ సీసా తెచ్చి తిరుపతి చేతిలో పెట్టింది.

"ముసలి రబ్బరు. మా ఆయన లెక్కనే, జల్ది అంటుకోదు."

"రేపు పది గొట్టంగ మేం గూడ వస్తం. కండ్లార చూస్తం" అన్నాడు కొమరయ్య.

"వద్దు తాతా, లొల్లయితది."

"మా టైర్లు మేం చూసుకోవద్దా?"

తిరుపతి వెనక్కి చూడకుండా బండి తీశాడు.

మర్నాడు ఎల్బీనగర్ చౌరస్తా జనంతో నిండిపోయింది. నినాదాలు మిన్నంటుతున్నాయి. పొగ మాత్రం లేదు. కుర్రాళ్ళు మంట అంటుకోని రెండు సైకిల్ ట్యూబులు ముందేసుకుని ఊదుతున్నారు.

"పట్నంల టైర్లన్ని యాడికి పోయినయిరా?"

"ఎవడో నిన్న ట్రాలీల ఏస్కపోయిండంట."

ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెబెక్క గొడుగు కింద అప్పుడే వచ్చిన కొమరయ్యకు ఒళ్ళు మండింది. "ఎవడో ఏంది? మా తిరుపతి! నొసలు పగిలినా ఇడ్సిపెట్టనోడు. తెస్తడు, జర ఆగుండ్రి."

తిరుపతి పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. పొద్దున ఏడింటి నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మాటలన్నీ విన్నాడు.

గంటసేపు విజయవాడ రోడ్డు వైపే చూసి చూసి, ఇక ఉండబట్టలేక కొమరయ్య బారికేడ్ దగ్గరికి వచ్చి "జర దారియ్యుండ్రి సారూ, మా పిలగాడు టైర్లు తెస్తుండు" అని చేతులు జోడించేసరికి, హెల్మెట్ అద్దం వెనక కళ్ళు మూసుకుని, లాఠీ చంకలో పెట్టుకుని, హెడ్ కానిస్టేబుల్ తిరుపతి ఆ బారికేడ్‌ను పక్కకు జరిపాడు.