మర చప్పుడు

"ముందు మర వెయ్యండి. తర్వాత నోరు తెరవండి" అంది తల్లి, కొట్టు తలుపులు దగ్గరగా వేస్తూ.

తండ్రి స్విచ్ నొక్కాడు. మోటారు గుర్రుమంది, బెల్టు తిరిగింది, పిండిమర కొట్టంతా దడదడలాడింది. మర తొట్టిలో ఒక్క గింజ లేదు. అయినా మర తిరుగుతూనే ఉంది. ఇక ఇద్దరూ అందుకున్నారు.

"హాస్టల్ బడిలో సీటుందన్నారు. పిల్లని ఆరో తరగతిలో అక్కడే వేస్తున్నా. అంతే!"

"అంతేనా? కన్నదాన్ని, నన్నొక మాట అడగక్కర్లేదా?"

"అడిగితే ఏమంటావు? వీధి చివర సర్కారు బడి ఉందిగా అంటావు. అక్కడ లెక్కల టీచరు మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

"లెక్కలు రాకపోతే ప్రాణం పోదు. జ్వరమొస్తే ఆ హాస్టల్లో దాని నుదుటి మీద చెయ్యేసి చూసేదెవరు?"

"నీ కొంగు పట్టుకుని తిరిగితే దాని బతుకూ మనలాగే పిండి దులుపుకోవడంతో సరిపోతుంది!"

"మీ పంతానికి నా పిల్లని నాకు దూరం చేస్తారా? మీదీ ఓ గుండేనా?"

ఈ మొగుడూ పెళ్ళాలకి ఒక గొప్ప నమ్మకం ఉంది. లోకంలో అందరూ పిల్లల ముందే కుమ్ములాడుకుంటారట, వీళ్ళు మాత్రం అలా కాదట! కూతురు పుట్టిన రోజే ఒట్టేసుకున్నారు, దాని చెవిన ఒక్క పరుషమైన మాట పడకూడదని. కొట్టు మీదే ఇల్లు. కోపమొస్తే కిందకి దిగాలి, మర వెయ్యాలి, అప్పుడే అరుచుకోవాలి. అనుకోవలసినవన్నీ అనుకుని, మర ఆపి, మొహాలు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు మెట్లెక్కేవారు. మర నడుస్తుంటే పైకి ఒక్క ముక్క వినపడదు, ఆ మాట నిజమే.

ఈ మధ్య గొడవంతా బడి గురించే. పైన అన్నం తింటూ ఎవరైనా బడి మాట ఎత్తితే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుని చెయ్యి కడుక్కునేవారు. గింజ పడకుండా తిప్పితే రాళ్ళు ఒకదాన్నొకటి తినేస్తాయని తండ్రికి తెలియదా! తెలుసు. అయినా తిప్పేవాడు.

"ఏం చెల్లెమ్మా, ఈ మధ్య గాలి పిండి పడుతున్నారా?" అని పక్క కొట్టు మంగలి నవ్వాడు ఒకసారి.

"రాళ్ళు శుభ్రం చేస్తున్నాం అన్నయ్యా" అంది తల్లి.

"అబ్బో, రోజూనా! బంగారు రాళ్ళు కాబోలు."

కూతుర్ని అందరూ పిచ్చుక అంటారు. పిడికెడు మనిషి, ఇంతింత కళ్ళు. తల్లి ఎక్కడుంటే అక్కడే. అలాంటి పిల్లని విడిచి ఉండడమా, అని తలుచుకుంటేనే తల్లి దాన్ని ఒళ్ళోకి లాక్కునేది.

హాస్టల్ చూడ్డానికి ముగ్గురూ వెళ్ళారు. వార్డెనమ్మ ఆటస్థలం చూపించింది, లైబ్రరీ చూపించింది, వరసగా మంచాలున్న పెద్ద గది చూపించింది. పిచ్చుక అన్నిటి వంకా ఊరికే చూసుకుంటూ నడిచింది. చివర్లో మాత్రం, "ఇక్కడ చప్పుడు వస్తుందా అండీ?" అని అడిగింది.

"దీపాలార్పాక చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది తల్లీ" అంది వార్డెనమ్మ.

తల్లి ప్రాణం లేచొచ్చింది. ఇంటికి రాగానే కిందకి దిగి, మర వేయించి మరీ చెప్పింది. "విన్నారా? పుట్టిన దగ్గర్నుంచీ మర చప్పుడులో పెరిగిన పిల్ల! ఆ నిశ్శబ్దంలో దానికి కన్ను మూతపడదు. అందుకే అడిగింది పాపం."

"సరే, దాన్నే అడుగుదాం. ఎటంటే అటే."

"అడగండి! నా పిల్ల నాకు తెలియదా?"

మర ఆపి పైకి వెళ్ళారు. తండ్రి అడిగాడు. పిచ్చుక నాన్న వంక చూసింది, అమ్మ వంక చూసింది, అమ్మ మోకాలి మీది పిండి మరకని వేలితో తుడిచింది.

"హాస్టల్‌కే వెళ్తా" అంది.

తండ్రి గెలిచాడు. గెలిచినవాడు ఎగిరి గంతెయ్యాలిగా? కిందకి పోయి, ఆగిపోయిన మర పక్కన కూలబడ్డాడు. తల్లి సంగతి చెప్పక్కర్లేదు. ఇంత పెంచితే, ఇన్నాళ్ళు కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటే, పిల్ల తనని ఒక్క ముక్కలో కాదనేసింది. ఎంత పెద్ద ఆటస్థలమైతే మాత్రం, అమ్మకన్నా ఎక్కువా?

ప్రయాణం రోజు పొద్దున్న పెట్టె సర్దుతూ తల్లి ఆ మాటే అడిగేసింది. "అమ్మ మీద బెంగ పెట్టుకోవా నువ్వు?"

పిచ్చుక పెట్టెలోకి తల వంచేసింది. తల్లి దాని గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది. చెంపలు తడి తడిగా ఉన్నాయి. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఓసి నా తల్లీ! వెళ్ళాలని లేదా నీకు?"

లేదన్నట్టు తలూపింది.

"ఇక్కడే ఉంటావా? ఈ వీధి బడికే వెళ్తావా?"

దానికీ అడ్డంగానే తలూపింది.

"మరెందుకే వెళ్తానన్నావు? నాన్న చెప్పమన్నాడా?"

"ఎవరూ చెప్పలేదు." పిచ్చుక తల్లి మెడ చుట్టూ చేతులేసి, చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను వెళ్ళిపోతే ఇంక మీరు ఉత్తి మర తిప్పక్కర్లేదు కదమ్మా."